శబ్దం మానేసిన ఇంజను



ఈ నెల నేను వ్రాస్తున్నది ప్రసంగం కాదు. ఒక మోటారు సైకిలు సంగతి. పాస్టరుగారికి బండి మరమ్మతుల గొడవ ఎందుకు అని మీలో కొందరు అనుకోవచ్చు. కానీ కొండ ప్రాంతాల్లో పరిచర్య చేసేవారికి, ఊరూరా తిరిగే ఉపాధ్యాయులకు, ఆరోగ్య కార్యకర్తలకు, సంతకు సరుకు తీసుకుపోయే రైతులకు బండి కాలితో సమానం. అది ఆగితే మనం ఆగిపోతాం. పైగా ఆ బండి నాకు నేర్పిన పాఠం ఒకటి ఉంది. అది నేర్చుకోవడానికి నేను చెల్లించిన వెల కొంచెం ఎక్కువే. అందుకే మీతో పంచుకుంటున్నాను.

నేను సేవ చేసేది పాడేరు ప్రాంతంలో. అప్పట్లో అది విశాఖపట్నం జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. నా బాధ్యత కింద ఏడు ఊళ్లు ఉన్నాయి. వాటిలో మూడింటికి తారు రోడ్డు ఉంది. రెండింటికి ఎర్రమట్టి దారి. మిగిలిన రెండింటికి దారి అనదగినది లేదు. గెడ్డ దాటాలి, రాళ్ల మీదుగా ఎక్కాలి, వానాకాలంలో బురదలో నెట్టుకుంటూ పోవాలి. వారానికి రెండు వందల కిలోమీటర్లకు తక్కువ కాకుండా తిరుగుతాను.

నా చిన్నతనంలో మా సంఘకాపరిగారికి రాజ్‌దూత్ ఉండేది. టూ స్ట్రోకు బండి. పెట్రోలులో ఆయిల్ కలిపి పోసేవారు. ఆయన వస్తున్నారంటే ఊరి మలుపులోనే నీలం పొగ కనబడేది. బండి ఆగితే అక్కడే చెట్టు కింద కూర్చుని, ప్లగ్గు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించి బయలుదేరేవారు. ఆయన చేతుల్లో బైబిలు ఎంత తరచుగా చూశానో, ప్లగ్గు పానా కూడా అంత తరచుగా చూశాను. వేదాంత పాఠశాలలో డిప్లొమా చదివేటప్పుడు మాకు చాలా విషయాలు నేర్పారు గాని, ఆ పానా పట్టుకోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

2014లో నేను ఈ కొండల మీదికి వచ్చినప్పుడు, బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఉపాధ్యాయుడి దగ్గర పాత ఇంపల్స్ బండి కొన్నాను. హీరో మోటోకార్ప్ వారు 2011లో తెచ్చిన బండి అది. మన దేశంలో సామాన్యుడికి అందే ధరలో మట్టి దారులకూ తారు రోడ్లకూ కలిపి చేసిన బండ్లలో మొదటి వరుసలోనిది. 150 సి.సి. తరగతి ఇంజను, గాలితో చల్లబడేది. ఇంజను అడుగు భాగానికీ నేలకూ మధ్య 245 మిల్లీమీటర్ల ఎత్తు. మామూలు బండ్లకు రాయి తగిలే చోట ఇది దాటుకుపోతుంది. తరువాత కొన్నేళ్లకు ఆ మోడల్ ఆగిపోయింది. అదే వరుసలో 2019లో ఎక్స్‌పల్స్ 200 వచ్చింది. నేను కొన్ననాటికి నా బండి 22,000 కిలోమీటర్లు తిరిగి ఉంది. సొమ్ము సగం నాది, సగం సంఘం వారిది. కాఫీ గింజలు అమ్మినవారు, పసుపు అమ్మినవారు తలా కొంత వేశారు. కాబట్టి ఆ బండి పేరుకే నాది. దాన్ని పాడుచేసే హక్కు నాకు లేదని మొదటినుంచీ అనుకునేవాడిని.

పాడేరులో ఒక పెద్ద వయసు మేస్త్రి ఉన్నాడు. రేకుల షెడ్డు, నల్లబడిన బల్ల, గోడకు వేలాడే పానాలు. మన సంఘస్థుడు కాడు. మొదటిసారి వెళ్లినప్పుడే బండి చుట్టూ ఒకసారి తిరిగి, "అయ్యగారూ, ఈ బండి కొండ మీద పదేళ్లు తిరగాలంటే మూడు శత్రువుల్ని దూరం పెట్టాల. దుమ్ము, వేడి, నీళ్లు. మిగతాది నాకొదిలేయండి" అన్నాడు. ఆయన చెప్పినవి నాకు తెలిసినంత మట్టుకు ఇక్కడ వ్రాస్తాను. మీలో బండి ఉన్నవారికి పనికివస్తాయి.

మొదటిది దుమ్ము. ఇంజను పెట్రోలు ఒక్కటే తాగదు, దానికంటే ఎన్నో రెట్లు గాలి పీలుస్తుంది. మట్టి దారిలో ఆ గాలి నిండా సన్నని ఇసుక ధూళి. అది లోపలికి పోతే పిస్టను రింగులకూ సిలిండరు గోడకూ మధ్య గరుకు కాగితంలా రుద్దుతుంది. అందుకే ఎయిర్ ఫిల్టరు. తారు రోడ్డు మీద తిరిగేవాడు పుస్తకంలో వ్రాసిన కిలోమీటర్లకు చూసుకుంటే చాలు. మట్టి దారివాడు సగం దూరానికే చూసుకోవాలి. ముందు ఎవరైనా జీపులో పోతుంటే దాని దుమ్ములో తోకలా పోకుండా కాసేపు ఆగడం కూడా ఇంజనుకు చేసే మేలే. ఫోము రకం ఫిల్టరైతే కిరసనాయిల్లో కడిగి, మెలిపెట్టకుండా పిండి, ఆరబెట్టి, కొద్దిగా ఆయిల్ పట్టించి పెట్టాలి. కాగితపు మడతల రకాన్ని కడగకూడదు, మార్చాలి. ఏ రకమో బండి పుస్తకంలో ఉంటుంది.

రెండవది వేడి. గాలితో చల్లబడే ఇంజను చుట్టూ రెక్కల్లాంటి పలకలు ఉంటాయి. వాటి మధ్యనుంచి గాలి పోతేనే ఇంజను చల్లబడుతుంది. బురదలో తిరిగి వచ్చాక ఆ మట్టి ఎండి పలకల మధ్య పిడకలా పట్టుకుంటే, ఇంజనుకు దుప్పటి కప్పినట్టే. ఇంజను చల్లారాక పుల్లతో గీకి కడుక్కోవాలి. కాలుతున్న ఇంజను మీద చన్నీళ్లు పోయకూడదు. వేడిని మోసుకుపోయే రెండవ పనివాడు ఆయిల్. ఇలాంటి ఫోర్ స్ట్రోకు బండ్లలో పట్టేది లీటరుకు అటూ ఇటూ మాత్రమే. అదే ఆయిల్ పిస్టనుకూ, గేర్లకూ, క్లచ్చి పలకలకూ పనిచేయాలి. అందుకే కారు ఆయిల్ పోయకూడదు. అందులో జారుడు కోసం కలిపే మందుల వల్ల క్లచ్చి జారిపోవచ్చు. డబ్బా మీద జాసో ఎం.ఏ. అన్న గుర్తు చూసి తీసుకోవాలి. తక్కువ వేగంలో, ఎక్కువ ఎగుడుల్లో నడిచే ఇంజనులో ఆయిల్ త్వరగా చెడిపోతుంది. కిలోమీటర్లు నిండలేదు కదా అని కూర్చోకూడదు.

మూడవది నీళ్లు. గెడ్డ దాటేటప్పుడు మొదటి గేరులో, ఒకే వేగంతో పోవాలి. సైలెన్సరు చివర మునిగిన చోట ఇంజను ఆగనీయకూడదు. ఒకవేళ బండి నీళ్లలో పడి ఆగిపోతే, తొందరపడి కిక్కు కొట్టకూడదు. నీరు గాలిలా నలగదు. సిలిండరులో నీళ్లుంటే పిస్టనును తోసే కడ్డీ వంగిపోతుంది. గట్టుకు తెచ్చి, ప్లగ్గు విప్పి, కిక్కు మెల్లగా తిప్పి, నీళ్లు బయటకు పోయాక బిగించాలి. తరువాత ఆయిల్ చూసుకోవాలి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయన్నమాట. వెంటనే మార్చాలి.

ఇవన్నీ నేను తు.చ. తప్పకుండా చేశాను. నాలుగేళ్లు బండి నన్ను దారిలో ఒక్కసారి కూడా నిలబెట్టలేదు. తోటి కాపరుల మధ్య కూర్చున్నప్పుడు నా బండి సంగతి కొంచెం గర్వంగానే చెప్పుకునేవాడిని.

2018 వానాకాలం నాటికి బండి 60,000 కిలోమీటర్లు దాటింది. ఇంజను పైభాగం నుంచి ఒక శబ్దం మొదలైంది. టిక్ టిక్ టిక్ అని, కుట్టుమిషను ఆడుతున్నట్టు. టాపెట్ల శబ్దం అది. మా సంఘ పెద్ద ఒకాయన చమత్కారి. గృహ ప్రార్థన ముగిశాక అందరి ముందూ, "అయ్యగారు రాకముందే అయ్యగారి బండి వచ్చేస్తంది. ఆ టిక్కు టిక్కు విని మా ఆడోళ్లు పొయ్యి మీద టీ ఎడతారు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, లోపల చిన్నతనంగా అనిపించింది.

ఆ వారమే పాడేరు వెళ్లినప్పుడు ఒక టాపెట్ పానా కొనుక్కున్నాను. మేస్త్రి చేసేటప్పుడు రెండుసార్లు చూశాను కదా, ఇందులో ఏముంది అనుకున్నాను. సాయంత్రం ఇంటికి వచ్చి, ఇంజను ఇంకా వేడిగా ఉండగానే మూత విప్పాను. కొలత రేకు నా దగ్గర లేదు. చెవితోనే చూసుకుంటూ స్క్రూ తిప్పాను. మరి కాస్త, మరి కాస్త అని బిగించాను. స్టార్టు చేస్తే శబ్దం లేదు. కొత్త బండిలా ఉంది. మా అమ్మాయిని పిలిచి, "విను, ఎంత మెత్తగా ఉందో!" అన్నాను.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పకపోతే ఈ కథకు అర్థం ఉండదు. ఆ రోజుల్లోనే నా భార్య నాతో ఒక మాట తరచుగా అంటుండేది. ఊట దగ్గరనుంచి నీళ్లు తెచ్చేటప్పుడు ఆయాసం వస్తోందని, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని. ఆవిడది గోదావరి జిల్లా, పల్లపు ప్రాంతం. నేను ప్రతిసారీ ఒకటే జవాబు చెప్పేవాడిని. "కొండ ఎక్కడం అలవాటు కావాలి. అందరూ ఎక్కడం లేదా?" కొన్నాళ్లకు ఆవిడ ఆ మాట అనడం మానేసింది. అలవాటైంది కాబోలు అనుకుని నేను సంతోషించాను. బండిలోనూ ఇంటిలోనూ శబ్దం ఆగింది. అంతా బాగానే ఉందనుకున్నాను.

మూడు నెలలు గడిచాయి. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే బండి నాకు చాలా చెప్పింది. ఒక్క కిక్కుకు అందుకునేది నాలుగైదు కిక్కులు అడిగింది. నిలబెట్టి ఉంచితే ఇంజను నిలకడగా ఆడక ఆగిపోయేది. మూడో గేరులో ఎక్కే ఎగుడు రెండో గేరుకు దిగింది. సైలెన్సరులో అప్పుడప్పుడు టప్పుమని పేలేది. అన్నిటికంటే ముఖ్యంగా కిక్కు రాడ్డు కాలి కింద తేలికైపోయింది. ఇదివరకు పిస్టను పైకి వచ్చేచోట కాలిని ఎదురు నెట్టేది. ఆ బరువు తగ్గిందంటే సిలిండరులో ఒత్తిడి నిలవడం లేదని అర్థం. నేను మాత్రం పెట్రోలు బాగాలేదనుకున్నాను. చలి అనుకున్నాను. పాత బండి అనుకున్నాను. శబ్దం లేదు కదా అన్న ధైర్యం నా చెవులు మూసేసింది.

ఇంటిలో కూడా ఒక గుర్తు కనబడింది. మా అమ్మాయి ఒకరోజు అన్నం తింటూ, "నాన్నా, అమ్మ ఊట దగ్గరనుంచి వచ్చేటప్పుడు దారిలో రెండుసార్లు కూర్చుంటుంది" అంది. ఎనిమిదేళ్ల పిల్ల. "పెద్దవాళ్లు అలసిపోతారమ్మా" అన్నాను.

నవంబరు నెల. కాఫీ పళ్లు కోసే కాలం. ఒకరోజు సాయంత్రం నా భార్యకు జ్వరం వచ్చింది. రాత్రికి ఎక్కువవుతుందేమోనని బండి మీద పాడేరు బయలుదేరాం. అమ్మాయిని పక్కింటివారికి అప్పగించాం. మా ఊరినుంచి వెళ్లే దారిలో ఒక పొడుగాటి ఎగుడు ఉంది. దాని సగంలో బండి గుంజడం మానేసింది. మొదటి గేరుకు దించాను. ఇంజను రెండుసార్లు పేలి ఆగిపోయింది. కిక్కు కొడితే రాడ్డు గాలిలో తిరిగినట్టు తిరిగింది. ముప్పై నలభై సార్లు కొట్టాను. ఆ చలిలో నాకు చెమటలు పట్టాయి.

ఫోనులో సిగ్నలు లేదు. చీకటి పడుతోంది. నా భార్యను రోడ్డు పక్క రాతి మీద కూర్చోబెట్టి, నా కోటు కప్పాను. ఆవిడ వణుకుతోంది. చేయి పట్టుకుంటే గోళ్లు తెల్లగా, పాలిపోయి ఉన్నాయి. టార్చి వెలుగులో మొట్టమొదటిసారి ఆవిడ ముఖం సరిగ్గా చూశాననిపించింది. పెదవుల్లో రంగు లేదు.

"ఎప్పటినుంచి ఇలా ఉంది?" అని అడిగాను.

"చాలా రోజులనుంచేనండి."

"మరి నాతో చెప్పలేదేం?"

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అంది. "చెప్పానండి. ఎన్నిసార్లు చెప్పినా మీరు ఒకే మాట అనేవారు. అందుకని చెప్పడం మానేశాను. తగ్గి మానేయలేదు."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్లుగా పులపిటం మీద నిలబడి మాట్లాడుతున్నవాడిని. ఆ రాత్రి ఒక్క మాట దొరకలేదు. ఇద్దరం అలాగే కూర్చున్నాం. రెండు గంటల తరువాత కాఫీ బస్తాలు వేసుకుని ఒక జీపు వచ్చింది. డ్రైవరు కుర్రవాడు బస్తాలు సర్ది ఆవిడకు చోటు చేశాడు. బండిని చెట్టుకు గొలుసు వేసి నేను వెనక వేలాడాను.

పాడేరులో డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. హిమోగ్లోబిన్ 6.2 ఉంది. ఆడవారికి 12 ఉండాలట. "ఇది ఒక్కరోజులో వచ్చింది కాదండీ. నెలల తరబడి తగ్గుతూ వచ్చింది. ఈవిడ ఇన్నాళ్లూ నీళ్లు ఎలా మోసింది?" అని నన్నే అడిగింది. జ్వరం మూడు రోజుల్లో తగ్గింది. రక్తం ఎక్కించారు. ఆ తరువాత ఆరు నెలలు ఐరన్ మాత్రలు, ఆకుకూరలు, చోళ్లు, బెల్లం. దేవుని కృపవలన ఆవిడ కోలుకుంది.

నాలుగో రోజున బండిని జీపులో వేయించి మేస్త్రి షెడ్డుకు తెచ్చాను. ఆయన ప్లగ్గు విప్పి ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టి నన్ను కిక్కు తిప్పమన్నాడు. ఒత్తిడి లేదు. తరువాత ఆ రంధ్రంలోంచి ఒక చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ తిప్పమన్నాడు. "చూడండి అయ్యగారూ. రింగులు అరిగిపోతే ఈ ఆయిల్ సందుల్లో నిండి ఒత్తిడి పెరగాల. పెరగలేదు. మీ రింగులు బాగున్నాయి. మీరు ఫిల్టరు బాగా చూసుకున్నారు. తప్పు పైన ఉంది. వాల్వు." హెడ్డు విప్పి ఎగ్జాస్టు వాల్వు బయటకు తీశాడు. గుండ్రని బిళ్ల అంచున ఒక చోట ఎలుక కొరికినట్టు కాలిపోయి ఉంది.

"ఏటండీ ఇది? టాపెట్ ఎవరు ముట్టుకున్నారు?" అన్నాడు.

నేనేనని ఒప్పుకున్నాను.

అప్పుడాయన చెప్పినది నేను ఇప్పటికీ మరచిపోలేదు. ఫోర్ స్ట్రోకు ఇంజను నిమిషానికి నాలుగు వేలసార్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు రెండు వేలసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఎగ్జాస్టు వాల్వు మంటల పొగలోనే బ్రతుకుతుంది. దాని వేడి పోయేది ఎక్కువగా మూసుకున్నప్పుడే. అంచు దాని పీట మీద గట్టిగా కూర్చున్న ఆ క్షణంలో వేడి హెడ్డులోకి దిగిపోతుంది. వాల్వు కాలే కొద్దీ పొడుగు పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటుగా, వాల్వు కొసకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య వెంట్రుకంత సందు వదులుతారు. మిల్లీమీటరులో పదో వంతు దరిదాపు. ఎగ్జాస్టుకు సాధారణంగా కొంచెం ఎక్కువ. ఆ సందు లేకుండా బిగిస్తే వేడెక్కినప్పుడు వాల్వు పూర్తిగా కూర్చోదు. వేడి దిగదు. సందులోంచి మంట చిమ్ముతుంది. అంచు కాలిపోతుంది. ఎవరూ బిగించకపోయినా, పీట అరిగి వాల్వు లోపలికి దిగే కొద్దీ ఆ సందు తనంతట తానే తగ్గిపోవచ్చు. అప్పుడూ శబ్దం రాదు.

"సందు ఎక్కువైతే టిక్కు టిక్కుమని అరుస్తది. కొంచెం అరుగుదలే గాని, పెద్ద భయం లేదు. వినబడతది కాబట్టి ఎవడో ఒకడు చూస్తాడు. సందు లేనిది అరవదు. బాగుందనుకుంటాం. అదే కొంప ముంచుతది. అరిచే టాపెట్‌కి భయపడకండి అయ్యగారూ. అరవడం మానేసినదానికి భయపడండి" అన్నాడు మేస్త్రి.

ఆయనకు నా ఇంటి సంగతి ఏమీ తెలియదు. బండి గురించే చెప్పాడు. కాని నేను ఆ నల్లబల్ల పక్కన నిలబడి, కొండ మీద రాతిపై కూర్చున్న నా భార్య ముఖమే చూస్తున్నాను. పదిమంది కన్యకల ఉపమానం మీద ఎన్నో ఊళ్లలో మాట్లాడినవాడిని. ఆయిల్ సంగతి నాకు తెలుసనే అనుకున్నాను. కాని చెవి సంగతి తెలియలేదు.

కొత్త వాల్వు, దాని సీలు, గాస్కెట్టు, పీటను పేస్టు పెట్టి నూరిన కూలీ అన్నీ కలిపి 3,800 రూపాయలైంది. సంఘం వారికి జరిగినదంతా దాచకుండా చెప్పాను. నవ్విన పెద్దాయన లేచి నిలబడి, "నేను ఆ మాట అనకపోయినా బాగుండేది అయ్యగారూ" అన్నాడు. తప్పు ఆయనది కాదు. శబ్దం ఎందుకు వస్తోందో తెలుసుకోవడం మాని, శబ్దం రాకుండా చేసుకున్నది నేను.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాను. ఆయిల్ మార్చిన తేదీ, ఫిల్టరు చూసిన తేదీ, టాపెట్ కొలిచిన తేదీ, అప్పటి కిలోమీటర్లు వ్రాస్తాను. టాపెట్లను నేను చెవితో చూడను. ఫీలర్ గేజి కొనుక్కున్నాను. రాత్రంతా చల్లారిన ఇంజను మీద, పొద్దున్నే, పిస్టను పై కొసకు వచ్చి రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో, పుస్తకంలో చెప్పిన మందం గల రేకును ఆ సందులో దూరుస్తాను. రేకు కాస్త పట్టుకున్నట్టు జారాలి. ఇరుక్కుంటే సందు చాలదు, ఊగితే ఎక్కువ. శబ్దం ఉన్నా లేకపోయినా, ప్రతి మూడు వేల కిలోమీటర్లకు ఇది చేస్తాను. అన్ని బండ్ల కొలతా ఒకటి కాదు. కొన్నిటికి స్క్రూ కాక బిళ్లలు ఉంటాయి, అవి మేస్త్రి పనే. మీ బండి పుస్తకం చూసుకోండి, లేదా తెలిసినవాడి చేత చేయించండి. వారానికొకసారి కిక్కు రాడ్డు చేతితో నొక్కి దాని బరువు చూస్తాను. అది ఇంజను నాడి.

ఇంకొక పద్ధతి కూడా పెట్టుకున్నాను. ప్రతి శనివారం సాయంత్రం, బండి తుడుచుకున్నాక, ఇంటి అరుగు మీద నా భార్య పక్కన కూర్చుంటాను. "ఈ వారం ఎలా ఉంది?" అని అడుగుతాను. మొదట్లో ఆవిడ "బాగానే ఉందండి" అనేది. ఆ మాటతో లేచిపోయే అలవాటు మానుకున్నాను. ఇంకాసేపు కూర్చుంటాను. అప్పుడు వస్తాయి అసలు మాటలు. కాలి నొప్పి, అమ్మాయి చదువు, పుట్టింటివారి బెంగ. కొన్నిటికి నా దగ్గర పరిష్కారం ఉండదు. అయినా వింటాను. సంఘంలో కూడా అంతే. ప్రతి కూటంలో లేచి ఫిర్యాదు చేసేవారిని చూసి విసుక్కునేవాడిని. ఇప్పుడు వారిని చూస్తే నాకు ధైర్యం. ఇదివరకు మాట్లాడుతూ ఈమధ్య మానేసినవారి ఇంటికే ముందు వెళుతున్నాను.

బండి ఇప్పటికి 1,20,000 కిలోమీటర్లు దాటింది. 95,000 దగ్గర పిస్టను, రింగులు మార్చాను. గొలుసు, పళ్ల చక్రాలు, క్లచ్చి పలకలు వాటి కాలానికి అవి మారాయి. ఇంజను ఇప్పటికీ కాస్త టిక్కుమంటుంది. మేస్త్రి సరైన కొలతకు పెట్టినా, ఆ వయసుకు అంత శబ్దం ఉంటుందన్నాడు. మా పెద్దాయన ఇప్పటికీ ఆ శబ్దం విని టీ పెట్టిస్తాడు.

మీ వాకిట్లో కూడా ఒక బండి ఉండే ఉంటుంది. ఈ శనివారం ఒక గంట తీరిక చేసుకుని ఫిల్టరు చూడండి, ఆయిల్ చూడండి, ఎన్నాళ్లనుంచి టాపెట్ కొలవలేదో గుర్తు చేసుకోండి. ఆ పని అయ్యాక చేతులు కడుక్కుని ఇంట్లోకి వెళ్లి, ఈమధ్య ఏ మాట వినబడడం మానేసిందో అడగండి. నిన్న సాయంత్రం నా భార్య, "ఏవండీ, ఆ ఊట దారిలో రెండు రాళ్లు ఊగుతున్నాయి, ఎన్నిసార్లు చెప్పాలి?" అని కాస్త గట్టిగానే అంది. వెంటనే గునపం తీసుకుని వెళ్లాను.